మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్: వర్ణవివక్ష అడ్డుకున్న క్రీడాజీవితం

బేస్‌బాల్‌లో బ్యాటర్ వెనుక ఉండి, పిచర్ విసిరే బంతిని అందుకునే ఆటగాడు క్యాచర్. నేటి తరహా చేతితొడుగులు లేని కాలంలో ఆ బాధ్యత నిర్వహించిన నల్లజాతి అమెరికన్ క్రీడాకారుడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆయన 1883లో టొలీడో జట్టు ద్వారా మైనర్ లీగ్‌లో ప్రవేశించారు. మరుసటి ఏడాది అదే జట్టు మేజర్ లీగ్ స్థాయికి చేరగా, 42 మ్యాచ్‌లు ఆడారు. అనంతరం మైనర్ లీగ్‌లకే పరిమితమయ్యారు.

1887 జులైలో, వాకర్ నెవార్క్ జట్టులో ఉండగా, నల్లజాతి ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు చేసుకోరాదని ఇంటర్నేషనల్ లీగ్ జట్ల యజమానులు తీర్మానించారు. అయినప్పటికీ సిరక్యూస్ జట్టు ఆయనను తీసుకుంది. 1889లో ఆయన నిష్క్రమణతో ఆ ద్వారం పూర్తిగా మూతపడింది. 1946లో మాంట్రియల్ తరఫున జాకీ రాబిన్సన్ బరిలోకి దిగేవరకు, ఆ లీగ్‌లో మరో నల్లజాతి ఆటగాడికి చోటు దక్కలేదు. ఆ మార్పును చూడకుండానే వాకర్ 1924లో కన్నుమూశారు.