సీసపు బిళ్ళల సాక్ష్యము

1786 ప్రాంతమున నెల్లూరు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలెను. త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలములును, ఒక కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణెములును బయటపడెను. రైతు వానిని పాతబంగారముగా అమ్మివేసెను. పెక్కు నాణెములు కొలిమిపాలై, ముప్పదికి పైగా మాత్రమే మిగిలెను. బంగారమునకే ఈ గతి పట్టినప్పుడు మట్టిలో దొరకు సీసపు బిళ్ళను లక్ష్యపెట్టువా రెవరు?

కాని ఆంధ్రదేశ చరిత్రలో సీసమునకు గొప్ప స్థానము కలదు. శాతవాహనులు సీసముతో విరివిగా నాణెములు ముద్రించిరి. వానిపై ఏనుగు, సింహము, చైత్యము మొదలగు గుర్తులు కలవు. కొన్నింటిపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కలదు. తరువాత నాగార్జునకొండ నేలిన ఇక్ష్వాకులును సీసపు నాణెములనే వాడిరి.

సీసమునే ఏల ఎన్నుకొనిరి? రాగి కరగుటకు 1085 డిగ్రీల వేడి కావలెను. సీసమునకు 327 డిగ్రీలు చాలును. అది మెత్తనిది గనుక ముద్ర సులభముగా పడును. అయితే చౌక లోహము గనుక ఆ నాణెము విలువ లోహమున గాక ముద్ర వేసిన రాజుపై ప్రజలకు గల నమ్మకమున నుండెను. చిల్లర బేరములకు ఇట్టి నాణెము చాలును.

దొరకిన ప్రతి సీసపు బిళ్ళయు నాణెము కాదు. నడుమ రంధ్రమున్నచో వలకు కట్టిన గుండు కావచ్చును. త్రాడు ఒత్తిడి గుర్తులున్నచో సరకు మూటకు వేసిన ముద్ర కావచ్చును. ఒకే లెక్కన పెరుగు బరువులు గలవి తూకపురాళ్ళు కావచ్చును. ప్రాచీన రోములో వినోదశాలల ప్రవేశమునకు, ధాన్యము పంపిణీకి సీసపు బిళ్ళలను చీటీలవలె వాడిరి. కనుక ఆకారము, బరువు, ముద్ర అను మూడింటిని కలిపి చూడవలెను.

నేడు లోహశోధక యంత్రములు వచ్చినవి. యంత్రములోని తీగచుట్టలో మారుచుండు విద్యుత్తు అయస్కాంత క్షేత్రమును పుట్టించును. నేలలోని లోహమున దానివలన సుడి ప్రవాహములు కలిగి, ఎదురు క్షేత్రము ఏర్పడును. యంత్రము దానిని పసిగట్టి మ్రోగును. ‘ఇచట లోహమున్నది’ అని మాత్రమే అది చెప్పగలదు. అది ఏ కాలపుదో చెప్పలేదు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములనే తీసికొందము. ఉదయగిరి దుర్గమును 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచెను. పిమ్మట తుపాకుల కాలము వచ్చెను. అట్టిచోట దొరకిన సీసపు ముద్ద నలిగిన తుపాకిగుండు కావచ్చును, పెన్న ఒడ్డున జాలరి పోగొట్టుకొన్న గుండు కావచ్చును, శాతవాహన నాణెమును కావచ్చును. దానిని నిర్ణయించునది అది పడియున్న మట్టిపొర, ఆ పొరలోని పెంకులు, ఇటుకలు. బిళ్ళను పెకలించి జేబులో వేసికొన్నచో ఆ సాక్ష్యము శాశ్వతముగా నశించును. గుప్తనిధుల ఆశతో త్రవ్వువారు చేయు నష్టమిదియే.

సీసములో మరియొక సాక్ష్యమును దాగియున్నది. దానికి నాలుగు స్థిర ఐసోటోపులు కలవు. వాని నిష్పత్తి గనిని బట్టి మారుచుండును. రోమను రచయిత ప్లినీ భారతదేశమున సీసము లేదనియు, ముత్యములను, రత్నములను ఇచ్చి దానిని కొనెదరనియు వ్రాసెను. కాని గుంటూరు సీమలోని అగ్నిగుండాల ప్రాంతమున సీసపు ఖనిజము కలదు. ఏ నాణెపు సీసము ఏ గనిదో ఐసోటోపుల నిష్పత్తిని పోల్చి పరిశీలింపవచ్చును.

1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినవారు కలెక్టరుకు తెలుపవలెను. విద్యార్థులకు ఇట్టి బిళ్ళ కంటబడినచో త్రవ్వరాదు, తోమరాదు. పైనున్న తెల్లని పొర సీసపు కార్బనేటు. అది విషము, గీకరాదు. స్థలమును గుర్తించి, చిత్రము తీసి, ఉపాధ్యాయునకు తెలుపుట చాలును. బిళ్ళ చిన్నదే, అది ఉన్నచోటనే ఉన్నంతవరకు దాని సాక్ష్యము పెద్దది.