తిమ్మమ్మ మర్రిమాను: ఊడల పుట్టుపూర్వోత్తరములు

కలకత్తా వృక్షోద్యానమునందలి మహావటమునకు బూజుతెగులు సోకగా 1925వ సంవత్సరమున దాని మూలకాండమునే తొలగించిరనియు, అటుపిమ్మట నా చెట్టు ఊడలమీదనే నిలిచి నేటికిని విస్తరిల్లుచున్నదనియు చదివినప్పుడు నాకు కలిగిన యానందము ఇంతయంత కాదు. మొదలు లేని మానుండుట చోద్యమే గదా! అంతకు మించిన చోద్యము మన అనంతపురపు కరవుసీమలోనే కలదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నా మెట్టనేలలో, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన కదిరికి సమీపమున, గూటిబయలు గ్రామమున 19,107 చదరపు మీటర్ల మేర కొమ్మలు చాచిన తిమ్మమ్మ మర్రిమాను, లోకమునందెల్ల విశాలమైన శాఖామండలము గల వృక్షముగా 1989లో గిన్నిస్ గ్రంథమునకెక్కినది.

ఊడలను చూచి వింతపడి వ్రాసిన పరదేశీయులలో యవనులు ప్రాచీనులు. క్రీ.పూ. 326 ప్రాంతమున అలెగ్జాండరు సేనతో చీనాబు తీరమునకు వచ్చిన అరిస్టోబులసు, ఒక్క చెట్టు నీడను 50 మంది రౌతులు మధ్యాహ్నము గడపవచ్చునని చెప్పగా, ఆ సేనతోనే వచ్చిన ఒనెసిక్రిటసు ఆ సంఖ్యను 400 చేసెనని యవన భూగోళకర్త స్ట్రాబో వ్రాసినాడు. (ఈ ఒనెసిక్రిటసు అతిశయోక్తిపరుడని పూర్వులే యెత్తిపొడిచిరి, గూటిబయలు మానును చూచియుండినచో ఆయనకు పెంచి చెప్పవలసిన యవసరమే కలిగెడిది కాదు.) హిందూదేశమున కాలిడని యవన వృక్షశాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టసు, ఊడలు లేగొమ్మలకంటె పాలిపోయి, నూగు గలిగి, వంకరలు తిరిగి, ఆకులు లేక యుండును గావున అవి వేళ్ళేయని నిర్ణయించెను. అన్యుల మాటలు విని ఇంత నిశితముగా తేల్చిన యా పండితుడే, ఆకు డాలంత యుండునని కూడ వ్రాసినాడు! అనేకములు కుట్టినగాని విస్తరి కాని మర్రియాకును ఎరిగిన మన యిల్లాండ్రు ఆ మాటకు నవ్వకుందురా?

అచటనుండి ఒక్క దూకున పదునైదవ శతాబ్దికి వత్తము. కుష్ఠురోగియైన భర్త బాలవీరయ్యకు పరిచర్య చేసి, అతడు గతింపగా 1434లో సహగమనము చేసిన తిమ్మమ్మ చితికి నాటిన గుంజ యొకటి చిగిర్చి ఈ మానైనదని స్థలకథ. మర్రికొమ్మను పాతిన వేరూనుట శాస్త్రవిరుద్ధము కాదు. ఆమె మరణమును ఇంత భక్తితో జ్ఞాపకముంచుకొన్న లోకము, ఆ యిల్లాలి నోటిమాట నొక్కదానినైన పదిలపరుపలేదు. నాకు మిక్కిలి నష్టముగా తోచునది ఇదియే. సంతానార్థులు శివరాత్రికి తరలివచ్చి మ్రొక్కిరి గాని మానును కొలువలేదు. దానిని లోకమునకు చాటుటకు బెంగుళూరు పత్రికారచయిత రిగ్రెట్ అయ్యరు రావలసివచ్చెను. పత్రికలు తన రచనలను త్రిప్పిపంపుచు వ్రాసిన విచారపత్రములను కూడబెట్టి, ఆ విచారమునే పేరుగా ధరించిన చమత్కారి యాయన.

ఊడ నేలను తాకి వేరూనిన పిదప బలిసి స్తంభమై, కొమ్మను మోయుటయే గాక దానికి నీరును అందించును. అందుచేతనే కొమ్మలు మొదలును విడిచి అంతదూరము సాగగలవు. గూటిబయలులో అటవీశాఖవారు మట్టియు నెరువును నింపిన వెదురుబొంగులలో లేతయూడలను దింపి నేల చేర్చుచు, బరువైన కొమ్మలకు ఆధారములు నిలిపిరి.

మహబూబునగరపు మహావటమగు పిల్లలమర్రికి మాత్రము అట్టి శ్రద్ధ ఆలస్యముగా లభించినది. 2017 డిసెంబరులో చెదలు తొలిచిన పెద్దకొమ్మ విరిగిపడిన మీదట, మరుసటియేడు రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడదీసి మ్రానిలోనికి మందెక్కించిరి; సందర్శకులను దూరమునుండియే చూడుడనిరి. ఊడలు పట్టుకొని ఊగు వేడుక పోయినందుకు పిల్లలకు కోపము రావచ్చును. నేను మాత్రము కంచె పక్షమే.