నక్షత్రాలను చీల్చే కృష్ణబిలాలు

గెలాక్సీ కేంద్రంలో ఉండే బృహత్ కృష్ణబిలానికి మితిమీరి చేరువైన నక్షత్రం పోగులుగా సాగి ఛిద్రమైపోతుంది. ఈ పరిణామాన్ని ఖగోళ శాస్త్రజ్ఞులు ‘టైడల్ డిస్రప్షన్’ అంటారు. ఆటుపోట్ల బలం వల్ల జరిగే విచ్ఛిత్తి అని దీని అర్థం. కృష్ణబిలం నుండి కాంతి సైతం వెలుపలికి రాదు కనుక దానిని నేరుగా చూడటం సాధ్యం కాదు. నక్షత్రం చీలినపుడు పుట్టే వెలుగే అంతవరకు మరుగున ఉన్న కృష్ణబిలం ఉనికిని బయటపెడుతుంది.

చీలికకు కారణం

చంద్రుడు భూమిలో తనకు ఎదురుగా ఉన్న భాగాన్ని కొంచెం ఎక్కువగా, అవతలి భాగాన్ని కొంచెం తక్కువగా ఆకర్షిస్తాడు. సముద్రపు ఆటుపోట్లకు ముఖ్య కారణం ఈ వ్యత్యాసమే. యానాం వద్ద గోదావరి నీటిమట్టం పెరిగి తగ్గడంలోనూ దీని ప్రభావం ఉన్నది. కృష్ణబిలం సమీపంలో ఈ వ్యత్యాసం అత్యంత తీవ్రంగా ఉంటుంది. నక్షత్రాన్ని ముద్దగా పట్టి ఉంచేది దాని స్వీయ గురుత్వాకర్షణ. ఆ పట్టును ఈ వ్యత్యాసం మించినపుడు నక్షత్రం సేమ్యా పోగువలె సాగిపోతుంది.

10 లక్షల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలానికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే సూర్యుని వంటి నక్షత్రం చీలిపోతుంది. కాంతి తిరిగి రాలేని హద్దు మాత్రం కేంద్రం నుండి దాదాపు 30 లక్షల కిలోమీటర్ల వద్దనే ఉంటుంది. అనగా చీలిక హద్దుకు ఎంతో వెలుపల జరుగుతుంది.

కృష్ణబిలం ఎంత పెద్దదైతే అంత తేలికగా చీల్చుతుందని భావించడం సరికాదు. ద్రవ్యరాశి పెరిగేకొద్దీ హద్దు వేగంగా విస్తరిస్తుంది, చీల్చే దూరం నెమ్మదిగా పెరుగుతుంది. ద్రవ్యరాశి సుమారు 10 కోట్ల సూర్యులను మించితే సూర్యుని వంటి నక్షత్రం సాధారణంగా చీలకుండానే హద్దు దాటి లోపలికి జారిపోతుంది. అపుడు బయటివారికి వెలుగు కనిపించదు.

చీలిన తరువాత

నక్షత్ర పదార్థంలో దాదాపు సగం అంతరిక్షంలోకి తప్పించుకొని పోతుంది. మిగిలిన సగం వెనుకకు మళ్లి కృష్ణబిలం చుట్టూ తిరుగుతూ లక్షల డిగ్రీలకు వేడెక్కుతుంది. దృశ్యకాంతి, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు వెలువడతాయి. ఆ వెలుగు కొన్ని వారాలలో పెరిగి, నెలలు, ఏళ్ల తరబడి క్రమంగా తగ్గుతుంది. బ్రిటన్ శాస్త్రజ్ఞుడు మార్టిన్ రీస్ 1988లోనే ఇటువంటి వెలుగును ఊహించి వివరించారు.

ఒక ఉదాహరణ

2014 నవంబరులో సుమారు 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ కేంద్రంలో ఇటువంటి వెలుగు కనబడింది. దీనికి ‘అసాసిన్-14ఎల్ఐ’ అని పేరు పెట్టారు. దాని ఎక్స్ కిరణాలు 131 సెకన్లకు ఒకమారు హెచ్చుతగ్గులు చెందుతున్నట్లు ధీరజ్ పాశం బృందం 2019లో ప్రకటించింది. ఆ లయను బట్టి కృష్ణబిలం కాంతి వేగంలో కనీసం సగం వేగంతో తన చుట్టూ తాను తిరుగుతున్నదని అంచనా వేశారు. నక్షత్రం చీలకపోతే ఈ సంగతి తెలిసే వీలుండేది కాదు.

మనకు ప్రమాదమున్నదా?

మన పాలపుంత కేంద్రంలో, ధనుస్సు రాశి దిక్కున, సుమారు 40 లక్షల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉన్నది. అక్కడి భారీ వస్తువును కనుగొన్నందుకు రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ 2020లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని రోజర్ పెన్‌రోజ్‌తో కలిసి పంచుకున్నారు. ఎస్2 అనే నక్షత్రం దాని చుట్టూ 16 ఏళ్లకు ఒకమారు తిరుగుతుంది. 2018లో అది కృష్ణబిలానికి సుమారు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరం వరకు వచ్చి క్షేమంగా మరలింది. సూర్యుని వంటి నక్షత్రం అక్కడ చీలాలంటే దాదాపు 11 కోట్ల కిలోమీటర్ల దూరానికి చేరాలి. సూర్యుడు ఉన్నది సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో. కృష్ణబిలం దూరాన ఉన్నవాటిని లాగి మింగదు. దూరాన ఉన్నవి దాని చుట్టూ తిరుగుతాయి, అంతే.

ఒక గెలాక్సీలో ఇటువంటి చీలిక సుమారు 10 వేల నుండి లక్ష ఏళ్లకు ఒకమారు జరుగుతుందని అంచనా. అందుచేతనే స్వయంచాలక దూరదర్శినులు ప్రతి రాత్రి ఆకాశాన్ని గాలిస్తూ లెక్కకు మిక్కిలిగా గెలాక్సీలను పరిశీలిస్తున్నాయి.