‘కార్టెల్’ అనే కాగితం

మన పత్రికల్లో చమురు ఎగుమతి దేశాల సంస్థ ‘ఒపెక్’ పక్కన ‘కూటమి’ అని ఉంటుంది. అమెరికా పత్రికలు అదే చోట ‘కార్టెల్’ అని రాస్తాయి. కూటమి అంటే మనకు ఎన్నికల పొత్తు గుర్తొస్తుంది. నచ్చకపోవచ్చు గానీ నేరం కాదు. కార్టెల్ అనగానే మాత్రం పోలీసు, కోర్టు గుర్తొస్తాయి. ఆ మాటకు నేరం వాసన ఆలస్యంగా అంటింది. పుట్టినప్పుడు అది వట్టి కాగితం.

గ్రీకులో ఖార్తేస్ అంటే పపైరస్ ఆకు. లాటిన్ మీదుగా ఇటలీకి వచ్చి అది కార్తా అయింది, చిన్న చీటీ కార్తెల్లో అయింది. ఫ్రెంచివాళ్లు ద్వంద్వయుద్ధానికి రమ్మని పంపే సవాలు చీటీని కార్టెల్ అన్నారు. ఆ తర్వాత యుద్ధం చేసుకుంటున్న రెండు పక్షాలు ఖైదీల మార్పిడికి రాసుకునే ఒడంబడికకూ ఆ పేరే స్థిరపడింది. ఖైదీలను చేరవేసే ఓడ కార్టెల్ ఓడ. శత్రువు దాని జోలికి పోకూడదు. అమెరికా అంతర్యుద్ధంలో 1862 జులైలో ఉత్తరాది జనరల్ డిక్స్, దక్షిణాది జనరల్ హిల్ సంతకాలు పెట్టిన పత్రాన్ని నేటికీ ‘డిక్స్-హిల్ కార్టెల్’ అనే అంటారు. అందులో మారకం రేట్ల పట్టీ ఉంది: సర్వసేనాని ఒక్కడికి 60 మంది సిపాయిలు, మేజర్ జనరల్‌కు 40 మంది, కల్నల్‌కు 15 మంది. ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లు కూర్చుని ఎవరి వాటా ఎంతో లెక్క తేల్చుకున్నారు. వియన్నాలో ఒపెక్ చమురు మంత్రులు కోటాలు పంచుకునే తీరు తెలిసినవాళ్లకు ఈ పట్టీ కొత్తగా అనిపించదు.

వ్యాపారంలోకి ఈ మాటను తెచ్చింది జర్మన్ భాష. 1883లో క్లైన్‌వెక్టర్ అనే ఆస్ట్రియా ఆర్థికవేత్త కార్టెల్స్ మీద పుస్తకం రాశాడు. గడ్డుకాలంలో ఉత్పత్తిదారులు తమను కాపాడుకోవడానికి చేసుకునే ఏర్పాటు అని ఆయన భావం. జర్మనీ అత్యున్నత న్యాయస్థానమైతే 1897లో ఇలాంటి ఒప్పందం చెల్లుతుందనే తీర్పు చెప్పింది. సంతకం పెట్టి మాట తప్పితే అక్కడ అదే తప్పు.

అమెరికాలో దారి వేరు. అక్కడ తిట్టయిన మాట ‘ట్రస్టు’. 1882లో స్టాండర్డ్ ఆయిల్ వాటాదారులు తమ వాటాలన్నీ తొమ్మిది మంది ట్రస్టీల చేతిలో పెట్టారు. మన దేవస్థానాల భాషలో చెప్పాలంటే ఆ కంపెనీ అధిపతి రాక్‌ఫెల్లర్ ధర్మకర్త! ఆ ధర్మకర్తల మీద కోపంతో వచ్చిందే 1890 నాటి షెర్మన్ చట్టం. ‘యాంటీట్రస్ట్’ అనే పేరు అలా మిగిలింది. 1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టింది. కంపెనీ కాబట్టి విడగొట్టగలిగింది.

1960 సెప్టెంబరులో ఒపెక్ పెట్టడానికి బాగ్దాద్‌లో కూర్చున్నవి కంపెనీలు కావు. ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనెజువెలా. వాళ్లు ఎదిరించింది మాత్రం కంపెనీలనే. తమతో మాటైనా చెప్పకుండా ధర తగ్గించిన పెద్ద చమురు కంపెనీలను. వెనెజువెలా మంత్రి పెరెస్ అల్ఫోన్సో ముందుంచుకున్న నమూనా ఏమిటంటే, 1930ల నుంచి బావిబావికీ ఉత్పత్తి పరిమితి పెడుతూ వచ్చిన ప్రభుత్వ సంస్థ టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్. అంటే ఉత్పత్తిని బిగించి ధర నిలబెట్టే విద్య అమెరికాలోనే నేర్చుకున్నారు. ఈ సంగతి వాషింగ్టన్‌లో ఒపెక్‌ను తిట్టే ఉపన్యాసాల్లో వినపడదు.

1978లో అమెరికాలోని మెషినిస్టుల కార్మిక సంఘం లాస్ ఏంజెలిస్ ఫెడరల్ కోర్టులో ఒపెక్ మీద ధరల కుమ్మక్కు కేసు వేసింది. ఒపెక్ తరఫున ఎవరూ కోర్టుకు రాలేదు. అయినా 1979లో జడ్జి హాక్ కేసు కొట్టేశారు: తన నేలలోని సహజవనరును ఎంత తీయాలో నిర్ణయించుకోవడం రాజ్యాధికారమే గాని వ్యాపారం కాదన్నారు. 1981లో అప్పీలు కోర్టు, మరో రాజ్యం తన పరిధిలో చేసిన చర్య మీద అమెరికా కోర్టులు తీర్పు చెప్పవనే సిద్ధాంతాన్ని పట్టుకుని అదే ఫలితానికి వచ్చింది. తర్వాత అలబామా నుంచి వచ్చిన ఇంకో దావా, వియన్నాలో ఉన్న ఒపెక్‌కు సమన్లు చట్టప్రకారం అందించే దారి లేక 2003లో ఆగిపోయింది.

‘కుమ్మక్కు’ అన్నాను గానీ అది ఇక్కడ అతికే మాట కాదు. పారశీకంలో కుమక్ అంటే సాయం, వెనక నుంచి వచ్చే అదనపు సేన. తెలుగులోకి వచ్చాక అది చాటుమాటు వ్యవహారమైంది. కుమ్మక్కయినవాళ్లు ఆ సంగతి ఒప్పుకోరు. ఒపెక్ మంత్రులు విలేకరులను పిలిచి మరీ రోజుకు ఎన్ని బ్యారెళ్లు తగ్గిస్తున్నారో చెబుతారు.

చిక్కంతా ఒక్క అక్షరంలో ఉంది. ఒపెక్ పేరులోని చివరి ‘సి’ అంటే కంట్రీస్, దేశాలు. 2000 నుంచి అమెరికా కాంగ్రెస్‌లో తిరుగుతున్న ‘నోపెక్’ బిల్లులో అదే ‘సి’ని కార్టెల్స్ చేశారు. చమురు ఉత్పత్తిని కలిసి తగ్గించే విదేశీ ప్రభుత్వాలకు కోర్టులో రక్షణ ఉండకూడదన్నది దాని సారం. 2007లో ప్రతినిధుల సభ 345-72 ఓట్లతో ఆమోదించింది. 2022లో సెనేట్ న్యాయవ్యవహారాల కమిటీ 17-4తో ఆమోదించింది. చట్టం మాత్రం కాలేదు. బయటివాళ్ల రాజ్యరక్షణ తీసేస్తే రేపు వాళ్లూ అమెరికాది తీసేస్తారనే భయం ఉంది. మధ్యలో 2020 ఏప్రిల్ ఉంది: ధర పాతాళానికి పడి టెక్సస్ బావులు మూతపడేలా ఉంటే, రోజుకు 97 లక్షల బ్యారెళ్లు తగ్గించేలా ఒపెక్, దాని తోడు దేశాలు కలిసిన ఒపెక్ ప్లస్‌ను ఒప్పించడానికి ఫోన్లు చేసింది అమెరికా అధ్యక్షుడే. ఆ నెలలో కార్టెల్ అనే మాటకు పాత అర్థమే సరిపోయింది: పడనివాళ్లు అవసరం కొద్దీ రాసుకున్న కాగితం.

మన పోటీ చట్టం, 2002 కూడా కార్టెల్‌ను నిర్వచించింది. ఉత్పత్తిదారులు, అమ్మకందారులు ఒప్పందం చేసుకుని ఉత్పత్తినో ధరనో అదుపు చేస్తే అది కార్టెల్. విదేశంలో జరిగినా ఇక్కడి మార్కెట్ దెబ్బతింటే విచారించవచ్చని 32వ సెక్షన్ చెబుతుంది. కాగితం మీద ఇది గట్టిదే. కానీ వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా కొనితెచ్చుకునే దేశం అమ్మేవాడికి సమన్లు పంపడానికి తొందరపడదు. ఆసియా దేశాల దగ్గర గుంజే అదనపు ధర, ‘ఆసియా ప్రీమియం’, తీసేయమని మన మంత్రులు ఒపెక్‌తో చర్చల బల్ల దగ్గరే అడుగుతూ వచ్చారు. అక్కడ అవతలివాళ్లను కార్టెల్ అని పిలవరు, మిత్రదేశాలంటారు.