రజాకార్ల గడ్‌బడ్ తర్వాతి నెలలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో బాగా పెద్దవాళ్లను వయసు అడిగితే అంకె చెప్పరు. "రజాకార్ల గడ్‌బడ్ల నేను సంకల పిల్లను" అంటుంది ఒక అవ్వ. "పోలీసు యాక్షన్ నాడు పసులకాడికి పోతున్న" అంటాడు ఇంకో తాత. పుట్టిన తేదీ రాసిపెట్టే దిక్కులేని రోజుల్లో 1948 సంవత్సరమే వాళ్ల క్యాలెండర్. అయితే ఆ క్యాలెండర్‌లో ఆగస్టు ఉంటుంది, సెప్టెంబరు 17 ఉంటుంది. అక్టోబరు, నవంబరు మాత్రం కనిపించవు.

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17 ఏటా వస్తే మనకు పేరు పంచాయితీ మొదలవుతుంది. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు. 2022లో రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం జరిపింది, కేంద్రం హైదరాబాద్ విమోచన దినం జరిపింది. 2024లో రాష్ట్రం దాన్ని ప్రజా పాలన దినోత్సవంగా జరిపింది. పేరు ఏదైనా జెండా ఎగిరిన రోజు దగ్గరే ఆగిపోతాం. ఆ మర్నాటి నుంచి ఏం జరిగిందన్నది వేదికల మీద వినపడదు.

బురుజు సాక్ష్యం

ముందు ఆగస్టు సంగతి. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో ఒక పాత బురుజు ఉంది. ఊరి కాపలా దళం దాని మీదే ఉండేది. సంస్థానాన్ని ఏలిన నిజాం పక్షాన నిలిచిన ప్రైవేటు సైన్యం రజాకార్లు. దోపిడీకి వచ్చిన వాళ్లను ఊరివాళ్లు అంతకుముందు తరిమికొట్టారు. ఆ కక్షతో 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చి ఊరిని చుట్టుముట్టారు. ఒక్కపూటలో 80 మందికి పైగా చనిపోయారు. దొరికిన మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు.

బైరాన్‌పల్లి ఒక్కటే కాదు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. 1948 మార్చి 14న అప్పటి కరీంనగర్ జిల్లా మహమ్మదాపూర్ గుట్టల్లో సాయుధ పోరాట నాయకులు అనభేరి ప్రభాకర్‌రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి తమ దళంతో సహా ప్రాణాలు విడిచారు. ఊరూరా పటేల్, పట్వారీల దస్తావేజులు తగలబెట్టిన దళం అది. అప్పు కాగితం కాలితే వెట్టి కాలినట్టేనని అప్పటి రైతు లెక్క.

రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ లాతూరు వకీలు. 1947 నవంబరు 29న నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాక అతని బలగం ఇంకా చెలరేగింది. అయినా అది ముస్లింలంతా ఒకవైపు, హిందువులంతా ఒకవైపు నిలిచిన పోరు కాదు. జనాన్ని పీడించిన విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువు. ఆ దొరతనం మీద తిరగబడి 1941లో హత్యకు గురైన రైతు షేక్ బందగీ. భారత్‌లో కలవాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు నరికి చంపిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఈ పేర్లు మనకు తెలుసు. వాటి అర్థమే సెప్టెంబరు తర్వాత మరిచిపోయాం.

సుందర్‌లాల్ మూటగట్టిన సంగతులు

పోలీసు చర్య పేరుతో సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. అయిదు రోజుల్లో ముగిసిందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ తర్వాత వారాల తరబడి పగ తీర్చుకోవడం నడిచింది. తుపాకీ పట్టిన రజాకారు చాలాచోట్ల దొరకలేదు. దొరికింది అతని మతంవాడు: రైతు, చేతిపనివాడు, చిన్న కొలువు చేసుకునేవాడు.

ఢిల్లీకి చేరుతున్న వార్తలు విని ప్రధాని నెహ్రూ ఒక బృందాన్ని పంపారు. దానికి పెద్ద గాంధేయవాది పండిత సుందర్‌లాల్. బ్రిటిష్ పాలన మీద పుస్తకం రాసి నిషేధానికి గురైన మనిషి. ఆయనతో పాటు హైదరాబాద్ 'పయామ్' పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ వచ్చారు. యథాతథ ఒప్పందానికి సరిగ్గా ఏడాది నిండిన 1948 నవంబరు 29న మొదలుపెట్టి డిసెంబరు 21 దాకా తిరిగారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 చూశారు. తాము పోలేకపోయిన 109 ఊళ్ల నుంచి వచ్చిన 500 మందికి పైగా జనంతో మాట్లాడారు.

ఎంత తగ్గించి లెక్కేసినా పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని వాళ్లు తేల్చారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. తెలుగు జిల్లాలు నల్గొండ, మెదక్ కూడా ఆ లెక్కలో ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులు, స్థానిక పోలీసులు సైతం లూటీలో, హత్యల్లో పాలుపంచుకున్నారని, ఊళ్ల నుంచి ముస్లిం మగవాళ్లను బయటికి తెచ్చి చంపిన ఘటనలున్నాయని నివేదిక రాసింది.

హోంమంత్రి పటేల్ ఆ నివేదికను ఒప్పుకోలేదు. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. 2013లో గానీ అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరికీ అందుబాటులోకి రాలేదు. అప్పటికి 65 ఏళ్లు గడిచాయి.

హోమానికి యజమాని

సుందర్‌లాల్ బృందం అలా ఊళ్లు తిరుగుతుండగానే పారిస్‌లో ఒక మాటకు చట్టం రూపం వచ్చింది. పోలండ్ యూదు న్యాయవాది రఫేల్ లెమ్కిన్ 1944లో 'జెనోసైడ్' అనే మాట పుట్టించాడు. నాజీల చేతిలో తన బంధువుల్లో చాలామందిని పోగొట్టుకున్నవాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని నేరంగా ప్రకటించే ఒడంబడికను ఆమోదించింది. ఒక జాతినో, తెగనో, మతస్తులనో పూర్తిగా గానీ కొంతమేర గానీ నిర్మూలించే ఉద్దేశం ఉంటేనే అది జెనోసైడ్. రాజకీయ పక్షాలు ఆ జాబితాలో లేవు. భారత్ ఆ ఒడంబడికకు కట్టుబడింది 1959 ఆగస్టు 27న. బైరాన్‌పల్లి తేదీ కూడా అదే.

మన పత్రికలు ఇలాంటి వార్తలకు 'మారణహోమం' అని రాస్తాయి. ఆ మాట వింటే మంట గుర్తొస్తుంది గానీ మనుషులు గుర్తురారు. కానీ హోమం దానంతటది రగలదు. చేయించే యజమాని ఉంటాడు, మంత్రం చెప్పేవాడు ఉంటాడు, సమిధలు అందించేవాడు ఉంటాడు, అరుగు మీద కూర్చుని చూసేవాడూ ఉంటాడు. 1948 ఘటనల్లో ఏది ఆ చట్టం నిర్వచనంలోకి వస్తుందో న్యాయకోవిదులు తేల్చాలి. ఎవరు రగిలించారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారన్నది మాత్రం మనం అడగవలసిన ప్రశ్నే. బైరాన్‌పల్లి విషయంలో అడిగాం. అక్టోబరు విషయంలో అడగలేదు. ఒక దుఃఖం చెబితే ఇంకో దుఃఖం చిన్నదైపోతుందన్న భయం మనది. అది తప్పుడు భయం.

పడుగు అవతలి కొస

సుందర్‌లాల్ నివేదికలో చావుల లెక్కల మధ్య ఒక చిన్న సంగతి ఉంది. చాలాచోట్ల హిందువులు ముస్లిం ఇరుగుపొరుగును కాపాడారని, అది ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య మరీ ఎక్కువగా కనిపించిందని రాశారు. అందుకు వాళ్లు చూపిన ఉదాహరణ నేతగాళ్లు. ముస్లిం నేతగాళ్ల మీదికి వచ్చినవాళ్లను హిందూ నేతగాళ్లు అడ్డుకున్నారట. ఆ అడ్డుకోవడంలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారట.

అది సిరిసిల్లలో జరిగిందని నేను అనడం లేదు. అయితే సిరిసిల్ల లాంటి నేత ఊరు ఎరిగినవాళ్లకు అది ఎందుకు జరిగి ఉంటుందో అర్థమవుతుంది. మరమగ్గాలు రాకముందు పడుగును వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించేవాళ్లు. ఎండ ముదరకముందే, తెల్లవారుజామున ఆ పని కావాలి. ఇటు కొస ఒకరు, అటు కొస ఒకరు, మధ్యలో కుంచె పట్టి దువ్వేవాళ్లు ఇద్దరు ముగ్గురు. చెయ్యి ఆగితే గంజి ఎండి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఒంటరిగా చేసుకునే పని కాదది. అవతలి కొస పట్టినవాడు రేపు లేకపోతే ఇవతలివాడి మగ్గం కూడా ఆగుతుంది.

వేములవాడ రాజన్న గుడి ఆవరణలో దర్గా ఉందన్న సంగతి కోడె కట్టడానికి పోయే ప్రతివాడికీ తెలుసు. పీరీల పండక్కి ఈ జిల్లాల్లో పీరు ఎత్తే చేతులు అన్ని కులాలవీ. ఇవన్నీ ఉండి కూడా 1948 సంస్థానంలో ఎన్నో ఊళ్లలో మనిషి మనిషిని చంపాడు. అంటే కలిసి పండగ చేసుకోవడం ఒక్కటే సరిపోదు. అవతలి కొస ఎవరి చేతిలో ఉందో తెలిసి, గుంపు వచ్చిన రోజు దాన్ని వదలకుండా నిలబడాలి. ఆ నేతగాళ్లు నిలబడ్డారు. వచ్చే సెప్టెంబరు 17న జెండా కింద బైరాన్‌పల్లి పేరు తలచినప్పుడు వాళ్ల సంగతీ ఒక మాట చెప్పుకుందాం.