వెనీర్లు నాలుగా, పదా?

నల్గొండ నుంచి వచ్చి గోదావరిఖనిలో ఉద్యోగం చేస్తున్న మా మిత్రుడికి పెళ్ళి కుదిరింది. పళ్ళ మీద ఫ్లోరైడ్ గార. (మన జిల్లాల్లో ఇది పాత కథే, నెల్లూరు జిల్లాలో 1937లోనే నమోదైంది.) వెనీర్లు నాలుగు చాలా, పది వేయించాలా అని అడిగాడు.

1928 ప్రాంతంలో హాలీవుడ్‌లో ఛార్లెస్ పింకస్ నటుల పళ్ళకి తొడుగులు అతికించేవాడు. షూటింగ్ అవగానే ఊడదీయడమే. 1955లో బునకోర్ అనే ఆయన ఎనామిల్‌ని యాసిడ్‌తో గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. 1980లకల్లా పింగాణీ పలకలు పళ్ళకి నిలిచిపోయాయి.

చిక్కంతా అక్కడే. వీటికోసం సాధారణంగా ఎనామిల్ కొంత అరగదీస్తారు, అది మళ్ళీ పెరగదు. పలకలేమో ఏ పదిహేనేళ్ళకో మార్చాల్సిందే. పింకస్ దగ్గర రోల్‌బ్యాక్ ఉండేది, మనకి లేదు.

అందుకే వాడికి ఒకటే చెప్పా: ముందు బ్లీచింగ్ చేయించు, అప్పటికీ నవ్వితే మచ్చ కనపడే పళ్ళెన్నో లెక్కపెట్టు, అన్నే వేయించు. మీరైతే ఏం చెప్పేవారు?