హేస్టింగ్సులో ఒక చదరంగపు పోరు



రచ్చసావడి యరుగుమీద గళ్లు గీసి చదరంగమాడుట మీరెఱిగినదే. అట్టి దేశవాళీ యాటను తండ్రియొద్ద నేర్చిన పంజాబు పల్లెవాసి యొకడు, జగజ్జేతగా నుండిన మేటిని గెలిచిన వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

అతడు మిఠా తివానా గ్రామస్థుడగు మీర్ సుల్తాన్ ఖాన్. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అను జమీందారు అతనిని పోషించి, 1929లో లండనునకు తోడుకొనిపోయెను. ఆ యేడే అతడు బ్రిటిష్ విజేత యయ్యెను. మన యాటలో బంటు తొలియెత్తున ఒక్క గడియే కదలును. రాజును కోట చేర్చుట లేదు. ఐరోపాలో బంట్లు రెండేసి గళ్లు సాగుటచే సేనలు వేగమే తలపడును. ఆరంభపుటెత్తులను గ్రంథములనుండి వల్లించి రావలెను. సుల్తాన్ ఖాన్‌కు లోటు అచటనే.

ప్రత్యర్థి క్యూబా దేశీయుడగు కాపాబ్లాంకా. 1921 మొదలు 1927 వఱకు జగజ్జేత. అంతకు పూర్వము 1916 నుండి 1924 వఱకు ఒక్క యాటయు ఓడి యెఱుగడు!

ఇంగ్లండు తీరమున హేస్టింగ్సు పట్టణమందు 1930-31 పోటీలో వీరు తలపడిరి. తెల్లపావులు సుల్తాన్ ఖాన్‌వి. అతడు రాజును కోట చేర్చనేలేదు. 21వ యెత్తున నల్ల యేనుగు మొదటి వరుసకు దూకి రాజును బెదరించెను. రాజు, మన పల్లెయాటలోవలె, కాలినడకనే ముందుకు జరిగెను. వెంటనే రెండవ యేనుగు వచ్చి పడెను. ఆ పట్టులో తెల్లమంత్రి పోయెను. బదులుగా నల్లయేనుగులు రెండును కూలెను.

మంత్రి పోయినవాని పని తీఱినదని సాధారణముగ తలంతుము. ఇచట నట్లు కాలేదు. నల్లశకటు తన బంట్లవెనుకనే చిక్కువడియుండెను. ఒంటరి మంత్రికి చొరబాటు దొరకలేదు. తెల్లయేనుగులు రెండును తొందరలేక, నలువది యెత్తులపాటు ఒత్తిడి పెంచుచు వచ్చెను. 65వ యెత్తుతో కాపాబ్లాంకా ఓడెను. నా దృష్టిలో ఆ మంత్రిమార్పిడికన్న ఈ యోపికయే గొప్పది.

ఆ పోటీలో హాలెండువాడగు యూవే ప్రథముడు, కాపాబ్లాంకా ద్వితీయుడు, సుల్తాన్ ఖాన్ తృతీయుడు. 1932, 1933లలో మరల బ్రిటిష్ విజేత యయ్యెను. అంతలో పోషకుడు స్వదేశమునకు మరలగా ఇతడును మరలవలసివచ్చెను. ఇంకను ఆడగల చేతికి అచటితో సీమపోటీలు ముగిసెను. ఒకని పయనముపై ఇంత విద్య యాధారపడుట నాకు మింగుడుపడదు.

1966లో సర్గోధాలో అతడు మరణించెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదము నిచ్చినది 2024లో.